బ్లాక్‌చెయిన్ ఇండెక్సర్: అమరిక, నిర్వహణ

బ్లాక్‌చెయిన్ ఇండెక్సర్ అంటే బ్లాకుల్లో కాలక్రమంలో పడి ఉన్న లావాదేవీలను చదివి, విప్పి, అడిగినవాళ్లకు అడిగిన వరసలో దొరికేలా మామూలు డేటాబేసులో సర్దిపెట్టే సేవ. వాలెట్ యాప్‌లో కనిపించే పాత జమాఖర్చులు, ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో ఒక టోకెన్ ఎవరెవరి దగ్గర ఎంతుందో చూపే పట్టిక, ఎక్స్ఛేంజీ పేజీలోని ధరల గీత, వీటన్నిటి వెనకా ఏదో ఒక ఇండెక్సర్ పనిచేస్తూ ఉంటుంది.

దీనికి దగ్గరి పోలిక సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతుంది. దస్తావేజులు వచ్చిన వరసలో నంబరు పడి పుస్తకంలోకి ఎక్కుతాయి. ఫలానా గ్రామంలో ఫలానా సర్వే నంబరు మీద తాకట్టు ఉందా అని చూడడానికి ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి తిరగేస్తూ ఎవరూ కూర్చోరు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 55వ సెక్షన్ ప్రకారం మనుషుల పేర్లతో ఒకటో ఇండెక్సు, ఆస్తుల వివరాలతో రెండో ఇండెక్సు వేరుగా ఉంటాయి. మనం తెచ్చుకునే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) అలాంటి ఇండెక్సు వెతికి ఇచ్చేదే. బ్లాక్‌చెయిన్‌లో దస్తావేజు పుస్తకం ఉంది, ఇండెక్సు పుస్తకం లేదు. ఆ లేనిదాన్ని రాసిపెట్టేదే ఇండెక్సర్. అయితే ఈ పోలిక ఒకచోట తప్పుతుంది. రిజిస్ట్రార్ పుస్తకంలో పొద్దున ఎక్కిన దస్తావేజు సాయంత్రానికి మాయం కాదు. గొలుసు చివరి బ్లాకులు మాత్రం ఒక్కోసారి పోయి, వాటి చోట వేరే బ్లాకులు వచ్చి కూర్చుంటాయి. ఇండెక్సర్‌కు రాయడం కంటే రాసినదాన్ని శుభ్రంగా చెరపడమే కష్టమైన పని.

గొలుసుకు చేతకాని ప్రశ్నలు

బిట్‌కాయిన్ మొదటి బ్లాకు మీద ఉన్న తేదీ 2009 జనవరి 3. అప్పటి నుంచి జరిగిన ప్రతి లావాదేవీ పూర్తి నోడ్ నడిపేవాళ్ల డిస్కు మీదే ఉంటుంది. అయినా ఆ నోడ్‌ను “ఈ చిరునామాకు ఇంతవరకు ఎంత వచ్చింది, ఎంత పోయింది” అని అడిగితే చెప్పలేదు. కొత్త లావాదేవీ చెల్లుతుందో లేదో తేల్చడానికి ఇంకా ఖర్చు కాని నాణేల పట్టిక ఒక్కటి చాలు. బిట్‌కాయిన్ కోర్ దాన్నే లెవెల్‌డీబీలో తాజాగా ఉంచుకుంటుంది. అమరిక ఫైలులో టీఎక్స్ఇండెక్స్‌కు 1 అని పెడితే లావాదేవీ గుర్తింపు సంఖ్యతో వెతకవచ్చు, అంతకుమించి లేదు. చిరునామా వారీగా కావాలంటే పక్కన ఎలక్ట్ర్‌ఎస్ లాంటి ఎలక్ట్రమ్ సర్వర్‌ను కూర్చోబెట్టాలి. అది బ్లాకులన్నీ చదివి రాక్స్‌డీబీలో తన సొంత ఇండెక్సు రాసుకుంటుంది, వాలెట్లు దాన్ని అడుగుతాయి. ఇంట్లో చిన్న కంప్యూటర్ మీద నోడ్ పెట్టుకునేవాళ్లలో చాలామంది తమకు తెలియకుండానే నడుపుతున్న ఇండెక్సర్ ఇది.

2015 జులై 30న మొదలైన ఈథీరియంలో ప్రశ్నలు ఇంకా జటిలం. ఒక చిరునామాలో ఈ క్షణాన ఎంత ఈథర్ ఉందో నోడ్ వెంటనే చెబుతుంది. ఒక టోకెన్ ఎవరెవరి చేతుల్లో ఉందంటే మాత్రం ఆ టోకెన్ కాంట్రాక్టుకే తెలియదు. సాలిడిటీ భాషలో మ్యాపింగ్ అనే పట్టిక తన తాళంచెవుల జాబితాను దాచుకోదు. పేరు చెబితే నిల్వ చెబుతుంది, పేర్లు చెప్పమంటే నోరు తెరవదు. కాబట్టి ఆ టోకెన్ పుట్టిన బ్లాకు నుంచి జరిగిన ప్రతి బదిలీనీ వరసగా చదివి, కలుపుతూ తీసేస్తూ లెక్క కట్టడం తప్ప వేరే దారి లేదు.

ఈ చదువుకు పనికొచ్చేవి ఈవెంట్ లాగ్‌లు. కాంట్రాక్టు నడుస్తూ వదిలే రసీదుల్లాంటివి ఇవి. ఒక్కో లాగ్‌కు గరిష్ఠంగా 4 టాపిక్‌లు ఉండవచ్చు. మామూలు ఈవెంట్‌లో మొదటి టాపిక్ ఆ ఈవెంట్ పేరునూ దాని పరామితుల రకాలనూ కలిపి తీసిన కెచాక్-256 హాష్. ట్రాన్స్‌ఫర్ ఈవెంట్ ఏ టోకెన్‌దైనా ఆ హాష్ ఒక్కటే, డిడిఎఫ్252 అని మొదలవుతుంది. ఈ రంగంలో కొన్నాళ్లు పనిచేసినవాళ్లకు ఆ అక్షరాలు సొంత ఫోన్ నంబరులా నోటికొచ్చేస్తాయి. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. డబ్బులాంటి ఈఆర్‌సీ-20 టోకెన్లకూ, బొమ్మల్లాంటి ఈఆర్‌సీ-721 టోకెన్లకూ ట్రాన్స్‌ఫర్ సంతకం ఒకటే. మొదటిదానిలో మూడు టాపిక్‌లు ఉండి మొత్తం డేటా భాగంలో ఉంటుంది, రెండోదానిలో నాలుగో టాపిక్‌గా బొమ్మ నంబరు ఉంటుంది. టాపిక్‌లు లెక్కపెట్టకుండా చదివిన ఇండెక్సర్ 8,817వ బొమ్మను 8,817 టోకెన్ల బదిలీగా రాసుకుని నిశ్చింతగా ముందుకు పోతుంది.

గ్రాఫ్ నోడ్: ఒక అమరిక దగ్గరగా

ఇలాంటి సేవల్లో ఎక్కువగా చర్చకు వచ్చేది గ్రాఫ్ నోడ్. యానివ్ టాల్, యానిస్ పోల్‌మన్, బ్రాండన్ రామిరెజ్ మొదలుపెట్టిన ద గ్రాఫ్ ప్రాజెక్టుకు ఇది గుండెకాయ. రస్ట్ భాషలో రాసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దీనికి మూడు తోడు కావాలి: బ్లాకులు అందించే ఈథీరియం నోడ్, రాసుకోవడానికి పోస్ట్‌గ్రెస్, ఏమి రాయాలో చెప్పే ఫైళ్లు తెచ్చుకోవడానికి ఐపీఎఫ్ఎస్.

ముందు పోస్ట్‌గ్రెస్ దగ్గర జాగ్రత్తపడాలి. డేటాబేసును యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌తో, సీ లొకేల్‌తో సృష్టించాలి. సీ లొకేల్ అంటే అక్షరాలను ఏ భాష సంప్రదాయంతోనూ కాక, బైట్ విలువల వరసలోనే పోల్చడం. ఒకే డేటాను రెండు చోట్ల ఇండెక్స్ చేస్తే రెండు చోట్లా ఒకే వరసలో రావాలన్నది దీని వెనక ఉద్దేశం. మామూలుగా ఇన్‌స్టాల్ చేసిన పోస్ట్‌గ్రెస్ ఆపరేటింగ్ సిస్టమ్ లొకేల్‌ను పట్టుకొస్తుంది. డేటాబేసు పుట్టాక ఎన్‌కోడింగ్, లొకేల్ మార్చే వీలు లేదు, మొత్తం మళ్లీ కొత్తగా కట్టుకోవాలి. పీజీ_ట్రిగ్రమ్, బీట్రీ జిస్ట్, పోస్ట్‌గ్రెస్ ఎఫ్‌డీడబ్ల్యూ ఎక్స్‌టెన్షన్లు కూడా ముందే పెట్టించుకోవడం మంచిది. వాటిని పెట్టే హక్కు అందరు యూజర్లకూ ఉండదు.

తర్వాత ఈథీరియం నోడ్. గెత్ అనే నోడ్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే మామూలు పూర్తి నోడ్ చివరి 128 బ్లాకుల స్థితిని మాత్రమే చేతిలో ఉంచుకుంటుంది. ఇండెక్సర్ పాత బ్లాకు దగ్గర నిలబడి “అప్పుడు ఈ కాంట్రాక్టు విలువ ఎంత” అని అడిగే అవసరం ఉంటే ఆర్కైవ్ నోడ్ కావాలి. పాత పద్ధతిలో గెత్ ఆర్కైవ్‌కు డిస్కు పది టెరాబైట్లు దాటుతుంది, ఎరిగాన్ అదే పనిని అందులో చాలా తక్కువ చోటులో ముగిస్తుంది. గ్రాఫ్ నోడ్‌కు నోడ్ చిరునామా ఇచ్చేటప్పుడు నెట్‌వర్క్ పేరు పక్కన ఆర్కైవ్, ట్రేసెస్ అని దాని సామర్థ్యాలను కూడా రాయవచ్చు. లేని సామర్థ్యాన్ని ఉన్నట్టు రాస్తే సేవ మొదలవుతుంది, కొంత దూరం పరుగెడుతుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. మొదట్లోనే ఆగిపోతే ఎంతో మేలనిపించే సందర్భాల్లో ఇదొకటి.

ముఖ్యమైన పోర్టులు ఐదు. 8000 మీద గ్రాఫ్‌క్యూఎల్ ప్రశ్నలు వస్తాయి. వెబ్‌సాకెట్ చందాలకు 8001 కేటాయించారు. 8020 పరిపాలనది, కొత్త సబ్‌గ్రాఫ్ ఎక్కించాలన్నా తీసేయాలన్నా అక్కడే. 8030 మీద ఏ సబ్‌గ్రాఫ్ ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది, 8040 మీద ప్రొమీథియస్ కోసం కొలతలు ఉంటాయి. వీటిలో బయటి ప్రపంచానికి తెరవదగ్గది 8000 ఒక్కటే అనుకోవాలి, అదీ ముందు ఒక ప్రాక్సీ పెట్టి. 8020ని ఇంటర్నెట్‌కు వదిలేయడం బీరువా తాళాలు వీధిగుమ్మానికి తగిలించడమే.

ఇక ఏమి ఇండెక్స్ చేయాలో చెప్పే సబ్‌గ్రాఫ్. దీనికి మూడు భాగాలు: ఏ కాంట్రాక్టు, ఏ ఈవెంట్లు అని చెప్పే మేనిఫెస్టు, పట్టికల ఆకృతి చెప్పే స్కీమా, ఒక్కో ఈవెంట్ వచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పే హ్యాండ్లర్లు. హ్యాండ్లర్లను అసెంబ్లీస్క్రిప్టులో రాసి వెబ్‌అసెంబ్లీగా మారుస్తారు. టోకెన్లు మార్చుకునే ఎక్స్ఛేంజీ యూనిస్వాప్ మూడో రూపాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దాని ఫ్యాక్టరీ కాంట్రాక్టు 2021 మేలో 1,23,69,621వ బ్లాకులో గొలుసు మీదికి వచ్చింది. మేనిఫెస్టులో స్టార్ట్‌బ్లాక్ దగ్గర ఆ అంకె వేస్తే పని అక్కడ మొదలవుతుంది. వేయడం మరిచిపోతే సున్నా నుంచి మొదలై, ఆ కాంట్రాక్టు ఇంకా పుట్టని 1.23 కోట్ల బ్లాకులను కూడా జల్లెడ పడుతుంది. అద్దె నోడ్ వాడుతుంటే ఆ జల్లెడకూ బిల్లు పడుతుంది.

యూనిస్వాప్‌లో లావాదేవీలు జరిగేది ఫ్యాక్టరీలో కాదు, అది పుట్టించే పూల్ కాంట్రాక్టుల్లో. రేపు పుట్టబోయే పూల్ చిరునామా ఇవాళ మేనిఫెస్టులో ఎలా రాస్తాం? అందుకే టెంప్లేట్ అనే ఏర్పాటు ఉంది. ఫ్యాక్టరీ నుంచి పూల్ పుట్టిందన్న ఈవెంట్ రాగానే హ్యాండ్లర్ ఆ చిరునామాతో టెంప్లేట్‌ను నింపుతుంది, ఆ క్షణం నుంచి ఆ పూల్ ఈవెంట్ల మీద కూడా కన్ను పడుతుంది.

హ్యాండ్లర్లలో జరిగే తప్పులు ఎక్కువగా చిన్నవే. యూఎస్‌డీసీకి దశాంశ స్థానాలు 6, ఈథర్‌కు 18. లాగ్‌లో 25,00,000 అని ఉంటే అది రెండున్నర యూఎస్‌డీసీ. అన్నిటికీ పద్దెనిమిదే అనుకుని భాగిస్తే 0.0000000000025 వస్తుంది, పేజీలో సున్నాగా కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం కూడా రాదు. ఇంకొకటి, టోకెన్ గుర్తు అడిగే పిలుపు. చాలా కాంట్రాక్టులు దాన్ని స్ట్రింగ్‌గా ఇస్తాయి. మేకర్ వాళ్ల ఎంకేఆర్ లాంటి పాతతరం టోకెన్లు 32 బైట్ల ముద్దగా ఇస్తాయి. స్ట్రింగే వస్తుందని గట్టిగా నమ్మిన హ్యాండ్లర్ అక్కడ కుప్పకూలుతుంది. అదే పిలుపుకు ట్రై_ అని ముందు తగిలించి వాడితే తప్పు వచ్చిందో లేదో చూసుకుని పక్కదారి పట్టవచ్చు. ఈథీరియం అంకెలు 256 బిట్లవి కాబట్టి 64 బిట్ల పూర్ణాంకంలో ఇమడవు, పోస్ట్‌గ్రెస్‌లో న్యూమరిక్ రకంగానే దాచాలి.

గొలుసు మాట మార్చినప్పుడు

ఒకే సమయంలో రెండు బ్లాకులు పోటీపడి, నెట్‌వర్క్ ముందు ఒకదాన్ని ఒప్పుకుని తర్వాత రెండోదాని వైపు తిరగడాన్ని రీఆర్గ్ అంటారు. దాన్ని పట్టుకునే పద్ధతి సూటిగా ఉంటుంది. ప్రతి బ్లాకులో తన ముందుబ్లాకు హాష్ ఉంటుంది. కొత్తగా వచ్చిన బ్లాకులోని ఆ హాష్, మన దగ్గర రాసి ఉన్న చివరి బ్లాకు హాష్‌తో కలవకపోతే గొలుసు మాట మార్చిందని అర్థం. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న బ్లాకు దొరికేదాకా వెనక్కి నడిచి, ఆ తర్వాత రాసినదంతా చెరిపి, కొత్త కొమ్మ మీద మళ్లీ రాయాలి.

చెరపడం ఎలా అన్నదగ్గర గ్రాఫ్ నోడ్ ఎంచుకున్న పద్ధతి ముచ్చటగా ఉంటుంది. అది మారే వస్తువు దేన్నీ పాత వరస మీద దిద్దదు. ఒక పూల్ నిల్వ మారినప్పుడల్లా కొత్త వరస చేర్చి, పాత వరసకు “ఇంత బ్లాకు నుంచి ఇంత బ్లాకు దాకా చెల్లుతుంది” అని హద్దు గీస్తుంది. బ్లాక్_రేంజ్ అనే ఒక్క నిలువు వరస దీనికి చాలు. 100వ బ్లాకు నుంచి పైదంతా రద్దయితే, 100లో గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వరసలను తీసేయడం, అదే కాలంలో హద్దు గీసిన వరసలకు ఆ హద్దు చెరిపేయడం, ఇంతే పని. ఇందువల్ల ఫలానా బ్లాకు నాటికి పరిస్థితి ఏమిటని అడిగే వీలు కూడా ఉచితంగా వచ్చింది. దీనికి మూల్యం డిస్కు. తరచూ మారే వస్తువులకు వేల వరసలు పేరుకుపోతాయి. పాత చరిత్ర అక్కరలేనివాళ్లు మేనిఫెస్టులో ప్రూన్ ఆటో అని పెట్టుకుంటారు.

ఎంత లోతు రీఆర్గ్‌కు సిద్ధపడాలి? గ్రాఫ్ నోడ్‌లో ఈథీరియం గొలుసులకు మామూలుగా ఉండే హద్దు 250 బ్లాకులు. చరిత్ర చూస్తే అది అతి జాగ్రత్తేమీ కాదు. 2013 మార్చిలో బిట్‌కాయిన్ 0.8 రూపం కొత్త డేటాబేసుకు మారినప్పుడు, పాత నోడ్‌లు ఒక పెద్ద బ్లాకును మింగలేక తిరస్కరించాయి. గొలుసు రెండుగా చీలి, మైనర్లు పాత రూపానికి తిరిగొచ్చేసరికి 24 బ్లాకులు వృథా అయ్యాయి. ఈథీరియం బీకన్ గొలుసులో 2022 మే 25న 7 బ్లాకుల లోతు రీఆర్గ్ వచ్చింది. పాలిగాన్‌లో 2023 ఫిబ్రవరిలో 157 బ్లాకులు వెనక్కి పోయాయి. 2020 ఆగస్టులో ఈథీరియం క్లాసిక్ మీద దాడి చేసినవాళ్లు ఏకంగా మూడు వేలకు పైగా బ్లాకులను తిరగరాశారు. అలాంటి రోజు ఏ హద్దూ నిలవదు, మనిషి కూర్చుని చేత్తో వెనక్కి తిప్పాల్సిందే.

2022 సెప్టెంబరు 15న ప్రూఫ్ ఆఫ్ స్టేక్‌కు మారాక ఈథీరియంలో 12 సెకన్లకొక వంతు, 32 వంతులకొక ఎపాక్. అంతా సజావుగా ఉంటే రెండు ఎపాక్‌లకు, అంటే సుమారు 13 నిమిషాలకు, బ్లాకు ఖరారవుతుంది. నోడ్‌ను ఫైనలైజ్డ్ అనే గుర్తుతో అడిగితే ఖరారైన బ్లాకునే ఇస్తుంది. డబ్బు లెక్కకు, పన్ను లెక్కకు, కస్టమర్ ఖాతాలో జమ వేయడానికి వాడే ఇండెక్సర్ ఆ 13 నిమిషాలు ఓపిక పట్టాలన్నది ఈ రచయిత అభిప్రాయం. తెర మీద ధర చూపించడానికైతే తలబ్లాకు వెంటే నడుస్తూ, మాట మారితే దిద్దుకోవచ్చు. ఒకే పట్టికను రెండు పనులకూ వాడేచోట తగాదాలు మొదలవుతాయి.

నడుపుతున్న రోజుల్లో

ఈథీరియంలో రోజుకు గరిష్ఠంగా 7,200 బ్లాకులు వస్తాయి. కొత్తవాటిని అందుకోవడం కష్టం కాదు, మొదటిసారి చరిత్రంతా చదవడమే భారం. అది రోజుల్లో, ఒక్కోసారి వారాల్లో తెమిలే పని. అంతసేపు నడిచిన పని చివర్లో చిన్న తప్పుకు మళ్లీ మొదటికి రాకుండా గ్రాఫ్టింగ్ అనే అంటు పద్ధతి ఉంది. పాత సబ్‌గ్రాఫ్‌ను మూలకాండంగా పెట్టుకుని, ఫలానా బ్లాకు దాకా దాని డేటాను తీసుకుని, అక్కడి నుంచి కొత్త కోడ్ నడుస్తుంది. తప్పు ఆ బ్లాకుకు ముందే జొరబడి ఉంటే మాత్రం అంటుతో పాటు అదీ వస్తుంది.

రోజూ చూడాల్సిన అంకె ఒక్కటే: గొలుసు తల ఎక్కడుంది, మన చివరి బ్లాకు ఎక్కడుంది, మధ్య దూరం ఎంత. ఆ దూరం నిలకడగా ఉంటే నిద్రపోవచ్చు, పెరుగుతూ ఉంటే లేవాలి. 8030 పోర్టు మీద అడిగితే ఆరోగ్యం కూడా చెబుతుంది. గ్రాఫ్ నోడ్ తప్పులను రెండు జాతులుగా విడదీస్తుంది. నెట్‌వర్క్ తెగిపోవడం లాంటివి మళ్లీ ప్రయత్నిస్తే పోతాయి. హ్యాండ్లర్‌లో సున్నాతో భాగించడం లాంటివి ఎవరి యంత్రం మీద నడిపినా అదే బ్లాకు దగ్గర అదే విధంగా వస్తాయి. ఆ రెండో జాతి తప్పు దగ్గర సబ్‌గ్రాఫ్ ఆగిపోతుంది, కోడ్ దిద్దితే తప్ప కదలదు. గ్రాఫ్‌మన్ అనే పనిముట్టుతో సబ్‌గ్రాఫ్‌ను కావలసిన బ్లాకుకు వెనక్కి తిప్పవచ్చు, వేరే నోడ్‌కు అప్పగించవచ్చు, నోడ్ క్యాష్‌లో పాడైన బ్లాకులను సరిచూడవచ్చు.

రద్దీ పెరిగాక ఇండెక్స్ చేసే నోడ్‌లను, ప్రశ్నలకు జవాబిచ్చే నోడ్‌లను విడదీయాలి. టోమ్ల్ ఫైలులో ఏ సబ్‌గ్రాఫ్ ఏ నోడ్‌కు, ఏ డేటాబేసు ముక్కకు వెళ్లాలో నియమాలు రాస్తారు. బ్లాకులు లాక్కొచ్చే ఇంజెస్టర్ పని మాత్రం ఒకే నోడ్‌కు అప్పగించాలి. అడిగేవాళ్ల వైపు నుంచి వచ్చే చిక్కు ఒకటుంది. ఒక ప్రశ్నకు మామూలుగా 100 వరసలు వస్తాయి, గరిష్ఠం 1,000. మిగతావి తెచ్చుకోవడానికి “ఇన్ని దాటేయ్” అని స్కిప్ పెంచుకుంటూ పోతే, దాటేసేవాటిని కూడా పోస్ట్‌గ్రెస్ లెక్కపెట్టుకుంటూనే వెళ్తుంది. చివర చూసిన గుర్తింపు కంటే పెద్దవి ఇమ్మని అడిగితే ఇండెక్సు మీద నేరుగా అక్కడికి దిగుతుంది.

నోడ్‌ను గుడ్డిగా నమ్మకూడదు. 2020 నవంబరు 11న గెత్‌లో పెద్దగా చాటకుండా దిద్దిన ఒక లోపం వల్ల పాత గెత్ నడుపుతున్న నోడ్‌లు వేరే గొలుసు మీదికి వెళ్లిపోయాయి. అద్దె నోడ్‌లు ఇచ్చే ఇన్‌ఫ్యూరా వాటిలో ఉంది. దాని మీద ఆధారపడ్డ మెటామాస్క్ వాలెట్‌లో లెక్కలు తప్పాయి, బైనాన్స్ ఈథర్ విత్‌డ్రాలు కొంతసేపు ఆపేసింది. ఇండెక్సర్ నడిపేవాళ్లు ఆ తర్వాత నేర్చుకున్నది, గెత్ ఒకటి, నెదర్‌మైండ్ గానీ ఎరిగాన్ గానీ ఇంకొకటి, ఇలా వేర్వేరు సాఫ్ట్‌వేర్ల నోడ్‌లు రెండు పెట్టుకుని హాష్‌లు పోల్చి చూసుకోవడం.

వేరే దారులు

అందరికీ గ్రాఫ్ నోడే అక్కరలేదు. ఎక్స్‌ప్లోరర్ కావాలంటే ఎలిక్సిర్ భాషలో రాసిన బ్లాక్‌స్కౌట్ ఉంది. టైప్‌స్క్రిప్టు వచ్చినవాళ్లు పాండర్ వైపు పోతున్నారు. కార్డానోకు డీబీ సింక్ అనే సాధనం గొలుసునంతా పోస్ట్‌గ్రెస్‌లో పోస్తుంది. సొలానా వేగానికి బయటి నుంచి అడుగుతూ కూర్చోవడం కుదరదు కాబట్టి, గీజర్ ప్లగిన్‌లు నోడ్ లోపలి నుంచే డేటాను బయటికి నెడతాయి.

ద గ్రాఫ్ తన సేవను 2020 డిసెంబరులో వికేంద్రీకృత నెట్‌వర్క్‌గా తెరిచింది. అందులో ఇండెక్సర్‌గా చేరాలంటే కనీసం 1,00,000 జీఆర్‌టీ టోకెన్లు పూచీగా పెట్టాలి, నిజంగా ఇండెక్స్ చేశామని చూపే రుజువు హాష్ ఇవ్వాలి. తప్పుడు రుజువుకు పూచీలో కోత పడుతుంది. ముందు చెప్పిన సీ లొకేల్ లాంటి చిన్న విషయాల మీద అంత పట్టుదల ఎందుకో ఇక్కడ తెలుస్తుంది: ఇద్దరి హాష్‌లు ఒక్క బైట్ తేడా లేకుండా కలవాలి. అంతకుముందు నుంచి ఉచితంగా నడిచిన హోస్టెడ్ సేవను 2024 జూన్‌లో మూసేశారు.

ప్రభుత్వ గొలుసుల్లో

భారతదేశంలో ప్రభుత్వాలు వాడుతున్నవి ఎక్కువగా అనుమతి ఉన్నవాళ్లే చేరగల గొలుసులు. ఆంధ్రప్రదేశ్‌లో 1998లోనే కార్డ్ ప్రాజెక్టుతో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల ఇండెక్సులు కంప్యూటర్లోకి వచ్చాయి. 2017లో భూమి రికార్డుల మీద స్వీడన్ సంస్థ క్రోమావేతో ప్రయోగం ప్రకటించారు. తెలంగాణ 2018లో బ్లాక్‌చెయిన్ డిస్ట్రిక్ట్ ఆలోచన ముందుకు తెచ్చింది. 2024 సెప్టెంబరులో కేంద్రం విశ్వస్య పేరుతో ప్రారంభించిన బ్లాక్‌చెయిన్ వేదిక భువనేశ్వర్, పుణె, హైదరాబాద్‌లలోని ఎన్‌ఐసీ డేటా కేంద్రాల నుంచి నడుస్తోంది.

ఇలాంటిచోట ఎక్కువగా కనిపించే హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్‌లో ఇండెక్సర్ పని చాలా తేలిక. బ్లాకు ఒకసారి ఖరారైతే మారదు, రీఆర్గ్ అన్న మాటే లేదు. తాజా స్థితిని దాచే డేటాబేసుగా లెవెల్‌డీబీ బదులు కౌచ్‌డీబీ ఎంచుకుంటే సర్వే నంబరు, యజమాని పేరు లాంటి ఏ విలువతోనైనా వెతకవచ్చు. కావలసిన ఇండెక్సుల నిర్వచనాలను చెయిన్‌కోడ్ ప్యాకేజీలోనే పెట్టి పంపితే ప్రతి పీర్ తనంతట తాను కట్టుకుంటుంది. ఒక్క షరతు గుర్తుంచుకోవాలి: అలాంటి విలువల మీది వెతుకులాటను లావాదేవీ ఖరారయ్యేటప్పుడు ఫ్యాబ్రిక్ మళ్లీ సరిచూడదు. కాబట్టి దాని ఫలితాన్ని ఆధారం చేసుకుని రికార్డు మార్చకుండా, చూపించడానికి మాత్రమే వాడతారు.